తొమ్మిది వేలలో ధనుష్కోటి

2019లో ఐదుగురు స్నేహితులం గోవా వెళ్లొచ్చాం. నా వాటా 40,000 రూపాయలు, అంతా క్రెడిట్ కార్డు మీదే. బిల్లు వచ్చాక కనీసం 2,000 కడితే చాలని రాసి ఉంటే అంతే కట్టాను. వడ్డీ నెలకు మూడున్నర శాతం. అంటే ఆ నెల వడ్డీ దాదాపు 1,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 252. నేను కట్టిన రెండు వేలలో అసలుకు జమైంది 348 రూపాయలు! ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకున్నది ఆరు నెలల తర్వాత, మారికుప్పం నుంచి బెంగళూరు వెళ్లే తెల్లవారుజాము రైల్లో. నాలుగు రోజుల గోవా బాకీ తీరడానికి రెండేళ్లు పట్టింది.

మా ఇంట్లో ఇది కొత్త పాఠం కాదు. నాన్న కోలారు బంగారు గనుల్లోని చాంపియన్ రీఫ్ గనిలో దిగేవారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతు తవ్విన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అప్పటికి మా టీవీకి ఆరు వాయిదాలు మిగిలి ఉన్నాయి. అమ్మ గాజులు కుదువపెట్టి కట్టింది. రాబోయే నెల జీతాన్ని చేతిలో ఉన్న డబ్బుగా లెక్కేసుకోకూడదని ఆనాడే నేర్చుకోవాల్సింది. నేర్చుకోలేదు.

2022 చివర్లో మళ్లీ మాట వచ్చింది. "ఈసారి ద్వీపం చూడాలి మచ్చా, అండమాన్" అన్నాడొకడు. విమానం, పడవలు, గదులు కలిపి మనిషికి 35,000 తేలింది. వాయిదాల్లో కట్టుకోవచ్చన్నారు. నేను ఒప్పుకోలేదు. కారు నడుపుకుంటూ వెళ్లగలిగే ద్వీపం ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది, రామేశ్వరం. ముందు డబ్బు పోగేద్దాం, తర్వాతే బయల్దేరదాం అన్నాను.

చీటీ వేద్దామన్న ఆలోచనా వచ్చింది. కోలారు జిల్లాలో చీటీ లేని వీధి ఉండదు. కానీ తలా ఒక నెలలో డబ్బు అవసరమయ్యేవాళ్లకు చీటీ పనికొస్తుంది. పాట పాడి ముందు తీసుకున్నవాడు మొత్తంలో కొంత వదులుకుంటాడు, ఆగినవాడికి లాభం. మా ఐదుగురికీ ఒకే రోజున డబ్బు కావాలి. అందుకే 2023 జనవరిలో ఎవరి బ్యాంకులో వాళ్లం నెలకు వెయ్యి చొప్పున ఏడాది రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాం. ఒకడి ఖాతాలో అందరి డబ్బూ వేయకపోవడం మంచిదైంది. ఎవరి లెక్క వాళ్లకు తెలుసు, అడిగే పని లేదు.

అక్టోబరులో మాలో ఒకడి ఉద్యోగం పోయింది. అప్పటికి తొమ్మిది నెలలు కట్టాడు. "నేను రాను, మీరు వెళ్లండి" అన్నాడు. అతని వాటా మనమే వేసుకుందామని ముగ్గురు అన్నారు. ప్రేమతో అన్న మాటే, నాకు మాత్రం నచ్చలేదు. ఆ డబ్బు అతని మీద బరువుగా ఉండిపోతుంది. సముద్రం కనిపించే రిసార్టు మానేసి, మనిషికి తొమ్మిది వేలు దాటకుండా అంచనా మళ్లీ వేశాం. నలుగురు కలిసి వెళ్లినప్పుడు ఖర్చు ఎప్పుడూ అందరికంటే చిన్న జేబుకు తగ్గట్టు ఉండాలి. ఇది నేను గట్టిగా చెప్పే మాట.

2024 జనవరి, రిపబ్లిక్ డే సెలవు. కృష్ణగిరి, సేలం, మదురై మీదుగా దాదాపు 580 కిలోమీటర్లు. 1988లో తెరిచిన పాంబన్ రోడ్డు వంతెన ఎక్కగానే అందరం నోరు మూసుకున్నాం. పక్కన 1914 నాటి రైలు వంతెన, రైళ్లు ఆగిపోయి ఉంది. దాని వెంటే అప్పట్లో కొత్తది కడుతూ ఉన్నారు, అది 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. ధనుష్కోటి దాటాక రోడ్డుకు రెండు వైపులా నీళ్లే. 1964 డిసెంబరు తుపాను ఆ ఊరిని తుడిచేసింది, అక్కడికి వస్తున్న ప్యాసింజర్ రైలును కూడా సముద్రం మింగేసింది. కూలిన చర్చి గోడల దగ్గర ఉద్యోగం పోయిన మిత్రుడు చాలాసేపు నిలబడ్డాడు. మా ఊళ్లోని మూసేసిన షాఫ్టుల దగ్గర నాన్న కూడా అలాగే నిలబడేవారు.

ఖర్చు: పెట్రోలు 7,700, టోలు, పార్కింగు 2,400, రెండు గదులు మూడు రాత్రులకు 10,800, తిండి 14,000. కారు అరుగుదలకు దాని యజమానికి 5,000. టైర్లు, సర్వీసు అతనొక్కడే ఎందుకు భరించాలి? ఈ అంకె స్నేహితుల మధ్య ఎవరూ వేయరు, వేసి తీరాలి. మొత్తం 39,900, మనిషికి 7,980. తొమ్మిది నెలలు మాత్రమే కట్టినవాడికి కూడా 1,020 రూపాయలు మిగిలాయి.

ఫిబ్రవరిలో మళ్లీ డిపాజిట్లు తెరిచాం. అతను నెలకు ఐదు వందలే కట్టగలనన్నాడు. అందరం ఐదు వందలతోనే మొదలుపెట్టాం.