నర్సమ్మన గండ

కన్నడంలో గండ అంటే భర్త. మన తెలుగులో గండం అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. సిరుగుప్ప తాలూకా పల్లెలో పిల్లలు నన్ను చూసి "నర్సమ్మన గండ బంద!" అని కేకలేస్తుంటే, గుంటూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా వదినగారు హడలిపోయి "ఎవరికి వచ్చిందమ్మా గండం?" అని అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా అదే నా పేరు.

మాది ఆదోని. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి, బళ్లారి మైసూరులోకి వెళ్లాయి గానీ, పెళ్లి సంబంధాలకు ఆ గీత ఎన్నడూ అడ్డం రాలేదు. మా ఆవిడ పుట్టింది తుంగభద్ర కాలువల కింద కోస్తా రైతులు వచ్చి వేసుకున్న క్యాంపులో. కర్ణాటక ఆరోగ్యశాఖలో నర్సమ్మ. నాకప్పుడు ఆదోనిలో టైలరింగు కొట్టు, రెండు మిషన్లు. "ఆడదాని ఉద్యోగం వెంట మగాడు మూట మోసుకుంటూ తిరుగుతాడా?" అన్నారు పెద్దలు. మిషను ఎక్కడైనా తిరుగుతుంది, 5000 మంది జనానికి ఒక్కరుగా ఉన్న నర్సమ్మను మాత్రం ఆదోనికి తెచ్చుకోలేను కదా! ఒక మిషను అమ్మేశాను, రెండోదాన్ని బస్సు టాపు మీద వేయించాను.

సిరుగుప్ప, సండూరు, కూడ్లిగి. ఊరు మారినప్పుడల్లా మిషను, ట్రంకుపెట్టె, అమ్మాయి టీసీ. నా కొలతల పుస్తకం మాత్రం పనికిరాకుండా పోయేది. పాత ఊరి ఛాతీలు, నడుములు కొత్త ఊళ్లో ఎవరికి కావాలి?

1985లో అందరు పిల్లలకూ టీకాల కార్యక్రమం మొదలయ్యాక నాకు రెండో ఉద్యోగం దొరికింది, జీతం లేనిది. లూనా వెనక సీట్లో ఆవిడ, ఒళ్లో టీకాల పెట్టె, అందులో నాలుగు ఐసు ప్యాకులు. అవి కరిగేలోగా పల్లెలు తిరగాలి. దారిలో ఎక్కడాగినా పెట్టెకే నీడ, మాకు ఎండ. తెలుగు ఇళ్లలో దగ్గు, పడిశం అని, కన్నడ ఇళ్లలో కెమ్ము, నెగడి అని అడిగేది. నెగడంటే మనకు చలిమంట కదా, నాకు మొదట్లో నవ్వొచ్చేది.

నవ్వురాని రాత్రులూ ఉన్నాయి. కూడ్లిగి దగ్గరొక పల్లెలో కాన్పు. లోపల ఆవిడ, బయట వేపచెట్టు కింద నేనూ, బిడ్డ తండ్రీ. బిడ్డ పుట్టిందన్నారు, ఏడుపు వినబడలేదు. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. లోపల ఆవిడ బిడ్డ వీపు రుద్దుతోందని నాకు తెలుసు, ఆయనకెలా చెప్పను? కాసేపటికి పిల్లి కూతలా సన్నగా వినిపించింది. ఆయన చెయ్యి వదల్లేదు. తెల్లారి మిగులు గుడ్డతో చొక్కా కుట్టిచ్చాను. దానికి కొలతలక్కరలేదు, అంత చిన్న ప్రాణం.

అమ్మాయి మాత్రం ప్రతి కొత్త బళ్లోనూ మొదటి రోజు వచ్చి ఒకే మాట అడిగేది. "నాన్నా, ఈ ఊళ్లో ఎన్నాళ్లు?" స్నేహం చెయ్యాలా వద్దా అని లెక్క చూసుకునేదన్నమాట.

ఆవిడ 2019లో రిటైరైంది. బళ్లారిలో ఉంటున్నాం. 2021లో కూడ్లిగి విజయనగర జిల్లాలోకి పోయింది. అమ్మాయి బెంగళూరులో పన్నెండేళ్లుగా ఒకే అద్దె ఇంట్లో ఉంది. అద్దె పెరిగినా, నీళ్లు రాకపోయినా కదలదు. అల్లుడు ఇల్లు మారదామని కదిపినప్పుడల్లా మాకు ఫోను వస్తుంది.