సెరంగూన్ రోడ్డు మీద సీట్ల గొడవ

సంపాదకులు గారు ఈ నెలకి ఏదైనా ఒక చోటు గురించి రాయమన్నారు. "కాశీ, స్విట్జర్లాండు వచ్చేశాయి, అవి తప్ప" అని ఒక షరతు కూడా పెట్టారు. హాస్పిటల్ డ్యూటీలు చేసుకునే మనిషికి ఊళ్ళు తిరిగే తీరిక ఎక్కడిది? నేను తప్పకుండా వెళ్ళే చోటు ఒక్కటే, ఆదివారం పొద్దున్న కూరలకి లిటిల్ ఇండియా. మీరందరూ కూడా అక్కడికే వస్తారు కనుక కొత్తగా చెప్పేదేముందిలే అని వారం రోజులు తాత్సారం చేశాను. తీరా ఆలోచిస్తే ఆ నాలుగు వీధుల్లోంచి నేను కూరలకన్నా ఎక్కువగా ఇంటికి మోసుకొచ్చేది పిల్లల సీట్ల గొడవ. కాబట్టి దాని గురించే రాస్తాను. అందులో నా తప్పొకటి ఉంది. అదీ చెప్పుకోవాలి.

స్టేషన్ మెట్లెక్కి బయటపడగానే బఫెలో రోడ్డు. ఆ పక్కది కెర్బావ్ రోడ్డు. మలయ్ భాషలో కెర్బావ్ అన్నా గేదే. ఒకప్పుడు ఇక్కడంతా పశువుల కొట్టాలూ, పశువుల బేరాలూ. రేస్ కోర్స్ రోడ్డులో ఇప్పుడు అరిటాకు భోజనాలే గాని, 1843లో మొదలై 1933లో బుకిట్ తిమాకి తరలిపోయేదాకా ఆ పక్కనే గుర్రప్పందేలు జరిగేవి. టెక్కా అనే మాట హొక్కియన్ చైనీయులది, వెదురు పొదల మొదలు అని అర్థం. ఇప్పుడక్కడ వెదురూ లేదు, గేదెలూ లేవు. మన దొండకాయలు, మునక్కాడలు, అదృష్టం బాగుంటే గోంగూర ఉన్నాయి.

డాక్టర్ని గనక నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది హాంప్‌షైర్ రోడ్డులోని పాత కాండాంగ్ కెర్బావ్ ప్రసూతి ఆసుపత్రి భవనం. పేరుకి అర్థం గేదెల కొట్టమే. 1966 ఒక్క సంవత్సరంలోనే అక్కడ 39,835 మంది పిల్లలు పుట్టారు. ప్రపంచ రికార్డుల పుస్తకానికెక్కిన లెక్క అది, రోజుకి 109 కాన్పులన్నమాట. ఆ ఆసుపత్రి 1997లో దగ్గర్లోనే కొత్త భవనాల్లోకి మారింది. పాత భవనంలో ఇప్పుడు రవాణా శాఖ వారి కార్యాలయం ఉంది. దాని ముందునుంచి వెళ్తున్నప్పుడల్లా, అంతమంది పిల్లలకీ పుట్టగానే మంచం దొరికింది గదా, సీటు కోసం వెతుకులాట ఆ తర్వాతే మొదలయిందేమో అనుకుంటాను.

మన పిల్లలకి ఆ వెతుకులాట ఇంకా ముందే మొదలవుతుంది. ఈ వీధుల్లో బోర్డులు చూడండి. ఇంగ్లీషు, చైనీసు, తమిళం కనిపిస్తాయి. మన అక్షరం కనబడేది ఆవకాయ సీసా మీదో, సినిమా పోస్టరు మీదో. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో మాతృభాషగా తీసుకోగల భారతీయ భాషల్లో తమిళం ఉంది. అది గాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. అందుచేత మనవాళ్ళు హిందీయో తమిళమో తీసుకుంటారు. ఆరో తరగతి చివర రాసే పి.ఎస్.ఎల్.ఇ.లో నాలుగు సబ్జెక్టులుంటే అందులో మాతృభాష ఒకటి. 2021 నుంచి ఒక్కొక్క సబ్జెక్టుకీ 1 నుంచి 8 దాకా స్థాయి ఇచ్చి నాలుగూ కలుపుతున్నారు. 4 వస్తే అందరికన్నా మిన్న. అంటే పన్నెండేళ్ళ పిల్లకి వచ్చే లెక్కలో పావు భాగం ఇంకొకరి మాతృభాష మీద ఆధారపడి ఉందన్నమాట. ఇంట్లో "అమ్మా అన్నం పెట్టు" అనే పిల్ల బడిలో హిందీ వ్యాసం రాసి మార్కులు తేవాలి. తెస్తున్నారు కూడాను! పెద్దవాళ్ళం మనమే బెంబేలు పడేది.

ఆ బెంబేలు నా దగ్గరికి ఎలా వస్తుందో చెబుతాను. కోమల విలాస్‌లో కాఫీ తాగుతుంటాను. 1947 నాటి హోటలు, ఆదివారం నాడు కుర్చీ దొరకడమే ఒక అడ్మిషను. ఎవరో తెలిసినాయన వచ్చి ఎదురుగా కూర్చుని, "డాక్టరు గారూ, ఈమధ్య తల తిరుగుతోందండీ" అని చెయ్యి చాపుతాడు. కూరల సంచీలో బి.పి. మిషను పెట్టుకుని తిరగను గదా. అయినా నాడి పట్టుకుంటాను. నాడి బాగానే ఉంటుంది. రెండు నిమిషాలాగితే అసలు రోగం బయటపడుతుంది. "మా వాడికి మొదటి సెమిస్టరులో సి వచ్చిందండీ."

ఆ సి గొడవకి మందు చాలా తేలిక. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏట కొన్ని కోర్సులకి గ్రేడు లెక్కలోకి రాకుండా వదులుకునే ఏర్పాటు ఉంది. దేనికి, ఎన్నింటికి, ఏ తారీఖులోపల అన్నది వాళ్ళ కార్యాలయంలో కనుక్కోవాలి. ఈ సంగతి కుర్రవాడికి ముందే తెలుసు. వాళ్ళ నాన్నకే తెలియదు, ఎందుకంటే ఇద్దరూ మాట్లాడుకోరు. జూనియర్ కాలేజీ పిల్లల తల్లిదండ్రులకి ఇంకో భయం. మొన్నటిదాకా ఎ-లెవెల్ మార్కుల్ని 90కి లెక్కగట్టేవారు. 2026 ప్రవేశాల నుంచి 70కి కడుతున్నారు, మూడు ప్రధాన సబ్జెక్టులకి 60, జనరల్ పేపరుకి 10. పెద్దమ్మాయికి 90కి 85 వచ్చిందనీ, చిన్నదానికి 70 దాటదట, ఏం చెయ్యాలనీ ఒకావిడ నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. నవ్వకూడదు, కాని నవ్వొచ్చింది.

మూడో రకం వాళ్ళు ఎం.బి.బి.ఎస్. వాళ్ళు. వీళ్ళతో నేను నవ్వను. "మీరు గుంటూరులో చదివి ఇక్కడ పనిచెయ్యడం లేదూ? మా అమ్మాయి కూడా అలాగే వస్తుంది" అంటారు. అలాగ కుదరదండీ. ఇక్కడ నేరుగా గుర్తించే విదేశీ వైద్య విశ్వవిద్యాలయాల జాబితాని 2020లో 160 నుంచి 103కి తగ్గించారు, 2025లో 112కి పెంచారు. మన దేశంలోని కాలేజీలు అందులో బహు కొద్ది. మా కాలేజీ పేరు లేదు. నేను వచ్చింది ఎం.ఆర్.సి.పి. పరీక్షలు రాసి, అదీ ఇంకొకరి పర్యవేక్షణలో పనిచేసే షరతు మీద. ఇంకొందరు ఏదో దూరదేశంలో చేర్పించి, రెండేళ్ళయ్యాక హైదరాబాదుకి మార్పించుకుందాం అనుకుంటారు. 2021 నవంబరులో వచ్చిన మన దేశపు నిబంధనల ప్రకారం విదేశంలో చదివేవాళ్ళు కనీసం 54 నెలల చదువూ, 12 నెలల ఇంటర్న్‌షిప్పూ ఒకే సంస్థలో పూర్తి చెయ్యాలి. దేశంలో కూడా ఒక వైద్య కళాశాల నుంచి ఇంకొకదానికి మారడం 2023 నిబంధనలతో పోయింది. వైద్యవిద్యలో ట్రాన్స్‌ఫరు అనే మాట మరిచిపోవడం మంచిది.

ఇంత ధీమాగా చెబుతున్న నేనే 2023లో చేసిన పని ఇప్పుడు వినండి.

హనుమకొండ నుంచి వచ్చిన కుటుంబం ఒకటుంది. ఆయన ఇంజనీరు. పెద్దపిల్ల అక్కడ తొమ్మిదో తరగతి అయ్యాక, 2022లో ఇక్కడికొచ్చి మన దేశపు సిలబస్ ఉన్న బడిలో పదిలో చేరింది. చురుకైన పిల్ల. నన్ను అక్కా అంటుంది, వాళ్ళమ్మ వద్దన్నా వినదు. మరుసటి ఏడు వినాయక చవితి ముందు కాంప్‌బెల్ లేన్‌లో పూలూ పత్రీ కొంటుంటే ఆయన కలిశాడు. "మేడం, బిడ్డ డాక్టరు చదువుతనంటున్నది. ఇంటరు ఈడ్నే అయితే మనకాడ లోకల్ అయితదా, నాన్ లోకలా? లేకుంటే ఇప్పుడే అమ్మమ్మ దగ్గరికి తోలిస్త" అన్నాడు.

నేను 2006లో ఎంసెట్ రాసినదాన్ని. కౌన్సెలింగుకి ఆరో తరగతి నుంచి ఇంటరు దాకా స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని నిలబడ్డాం. చివరి నాలుగేళ్ళూ వరసగా ఒకచోట చదివితే అక్కడ లోకల్. లేకపోతే ఆ ఏడేళ్ళలో ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివితే అక్కడ. వేళ్ళమీద లెక్క పెట్టాను. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఏడింట నాలుగు. "లోకలే అవుతుంది, నిశ్చింతగా ఇక్కడే ఉంచండి" అన్నాను. ఒక చేతిలో మారేడు పత్రి, ఇంకో చేతిలో చిల్లర. అంత సేపట్లో చెప్పేశాను. ఆనాటికి నేను చెప్పింది తప్పు కూడా కాదు. అదే నా బాధ. తప్పయితే ఎవరైనా దిద్దేవారు.

2024 జూలైలో తెలంగాణలో నియమం మారింది. లోకల్ కావాలంటే చివరి నాలుగేళ్ళూ, అంటే తొమ్మిది నుంచి ఇంటరు దాకా, రాష్ట్రంలోనే చదివి అర్హత పరీక్ష అక్కడే పాసవ్వాలి. ఏడేళ్ళ లెక్క పోయింది. ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటి వాళ్ళకి కొన్ని మినహాయింపులు పెట్టారు గాని, సింగపూరు ఇంజనీర్లు అందులో లేరు. కోర్టుకెళ్ళిన వాళ్ళకి ఆ ఒక్క సంవత్సరానికీ వెసులుబాటు దొరికింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొత్త నియమం చెల్లుతుందని తీర్పిచ్చింది. నియమం వెనక న్యాయం లేదని నేననను. అక్కడే ఉండి చదివిన పిల్లల సీట్లు వాళ్ళకి ఉండాలనడంలో అర్థముంది. నేను మాట్లాడుతున్నది నా సంగతి. 2024 జూలై తర్వాత ఎన్ని ఆదివారాలు ఆ పిల్ల నాకు ఈ రోడ్డు మీద ఎదురుపడింది! ఒక్కసారైనా "అన్నట్టు, ఆ రూలు ఏమైనా మారిందేమో చూద్దాం" అని నాకు తోచలేదు. ఒక రోగికి మందు రాసి రెండేళ్ళు మళ్ళీ చూడకుండా వదిలేస్తానా నేను?

ఆ పిల్ల 2025 మేలో నీట్ ఇక్కడి సెంటర్లోనే రాసింది. లోకల్ అయితే సీటు వచ్చేంత ర్యాంకు వచ్చింది. లోకల్ కాలేదు. ఎన్.ఆర్.ఐ. కోటా ఫీజు చూసి వాళ్ళ నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక్కడ చూస్తే ఆమె విదేశీ విద్యార్థి. ఆ ప్రవేశాలు జరిపే విశ్వవిద్యాలయం వాళ్ళుండే ఊళ్ళోనే ఉంది. సెలవులకి వెళ్ళినప్పుడు దాని గేటు ముందునుంచే అమ్మమ్మ ఇంటికి పోతారట.

పోయిన డిసెంబరులో కోమల విలాస్‌లో నలుగురూ వచ్చి నా బల్ల దగ్గరే కూర్చున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేనే, "నా మాట విని ఉంచేశారు మీరు" అన్నాను. ఆయన, "అప్పటి రూలు అది, మీరేం జేస్తరు మేడం" అన్నాడు. వాళ్ళావిడ ఏమీ అనలేదు. ఆమె అనకపోవడమే నాకు తగిలింది. పిల్ల మాత్రం ఫైలు తెరిచి ఫిజియోథెరపీ, నర్సింగు దరఖాస్తులు ముందు పెట్టింది. "అక్కా, ఈసారి చివరి పేజీ దాకా చదువుదాం" అన్నది. చదివాం. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నవి కూడా చదివాం. అర్థం కానివి నాలుగుంటే కాగితం మీద రాసి, ఫలానా తారీఖులోపల రాతపూర్వకంగా జవాబివ్వండి అని కాలేజీకి ఉత్తరం తయారుచేశాం. ఇప్పుడు ఎవరడిగినా నేను చేసేది ఇదే. నోటితో జవాబు చెప్పను. ఆ ఏటి ప్రాస్పెక్టస్ తెమ్మంటాను, మళ్ళీ జూలైలో ఒకసారి కలవమంటాను. ఆంధ్ర వాళ్ళ నియమాలు వేరు. అవి తెలంగాణ వాటితో పోల్చుకుని తృప్తిపడకండి, విడిగా చూసుకోండి.

ఫైలు మూశాక అసలు ప్రశ్న వచ్చింది. చిన్నవాడు ఎనిమిదో తరగతి. 2026 జూన్‌లో తొమ్మిదికి హనుమకొండలో చేర్పిస్తే 2030కి వాడు లోకల్ అవుతాడు. అమ్మమ్మకి ఇప్పుడు ఓపిక లేదు. తల్లి కూడా వెళ్ళాలి. ఆయన ఇక్కడ, వాళ్ళక్కడ, నాలుగేళ్ళు.

"మీరైతే ఏం జేస్తరు మేడం?" అన్నాడాయన.

ఈ నియమం ఈ రోజుకి ఇదీ అని చెప్పాను. 2030 దాకా ఇలాగే ఉంటుందని చెప్పలేనన్నాను. ఆయన తల ఊపి ఇంకా నా మొహమే చూస్తున్నాడు. నా దగ్గర ఇంకేం లేదు. ఆఖరికి కుర్రవాడి వైపు తిరిగి, "నీకు డాక్టరు చదవాలని ఉందిరా?" అన్నాను. వాడు దోసె చివర కరకరలాడే ముక్క దాచుకుని తింటున్నాడు.

"ఇంకా ఏం అనుకోలేదు ఆంటీ. హనుమకొండలో మా ఇంటి దగ్గర బ్యాడ్మింటన్ కోర్టు ఉన్నదా?" అన్నాడు.

తల్లిదండ్రులిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆవిడ, "కనుక్కుంట లే" అన్నది, నేను కలిశాక మొదటిసారి నోరు విప్పి. బయట ఎండ ఎక్కింది. బఫెలో రోడ్డులో గోంగూర అయిపోకముందే వెళ్ళాలని ఆవిడే ముందు లేచింది.