రిపోర్టు నార్మలొచ్చిందండి, ఆయ్!

మా కోనసీమలో గుండెజబ్బు మాటెత్తితే ముందు శిక్ష పడేది కొబ్బరికాయకేనండి. పచ్చడి బంద్, కొబ్బరన్నం బంద్. చెట్టు కాయ కనుక దాంట్లో కొలెస్ట్రాల్ ఉండనే ఉండదు. అలాగని నిర్దోషి అనీ అనను. దాని నూనెలో 80 శాతం పైగా సంతృప్త కొవ్వే, అది చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. కాకపోతే ఇడ్లీలోకి చెంచాడు పచ్చడి మానేసి, సాయంత్రం అరుగు మీద లంకపొగాకు చుట్ట అంటించేవాళ్లని చూస్తే నవ్వాగదు.

మొన్నామధ్య కొత్తపేటలో మందులషాపు దగ్గర ఓ పెద్దాయన. "మోకాళ్లకి ఆ నొప్పి బిళ్లలు ఓ షీటియ్యి బాబూ."

"మరి కొలెస్ట్రాల్‌వి, బాబాయ్‌గారూ?"

"ఇంకా అవెందుకయ్యా? రిపోర్టు నార్మలొచ్చేసింది. ఆయ్!"

నార్మలొచ్చింది ఆ బిళ్ల పుణ్యానే కదండీ! మన ఒంట్లో కొలెస్ట్రాల్ చాలామటుకు ఒళ్లు తయారుచేసుకున్నదే, అందులో పెద్ద వాటా కాలేయానిది. స్టాటిన్ అనే ఆ బిళ్ల ఈ తయారీకి కావలసిన ఓ ఎంజైముకి అడ్డం పడుతుంది. సరుకు చాలక కాలేయం రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని, అదేనండి ఆ చెడ్డ కొలెస్ట్రాల్‌ని, లాక్కుంటుంది. బిళ్ల ఆపారా, కొన్ని వారాల్లో అంకె మళ్లీ మొదటికొస్తుంది. ఈ ఏడు వరద రాలేదు కదా అని ఏటిగట్టు తవ్వేసుకుంటామా? జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన వేల రకాల బూజులు గాలించి, 1973లో తొలి స్టాటిన్‌ని పట్టుకున్నాడు. అంత అవస్థపడి దొరికిన మందుని మనవాళ్లు ఓ రిపోర్టు చూసుకుని అటకెక్కించేస్తారు.

ఇహ ఆ నొప్పి బిళ్లలు. డైక్లోఫెనాక్‌లాంటివి ఒంట్లో ఉప్పూ నీరూ నిలవేస్తాయి, బీపీ పెంచుతాయి. రోజుల తరబడి మింగితే గుండెపోటు ముప్పూ పెరుగుతుంది. రోఫికాక్సిబ్ అనే కీళ్లనొప్పుల మందుని, గుండెపోట్లు పెరుగుతున్నాయని తేలి, 2004 సెప్టెంబరులో దాని తయారీదారే ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన పెద్దాయన రక్షించే బిళ్ల వదిలేసి, ముప్పు తెచ్చే బిళ్ల కొనుక్కెళ్తున్నాడన్నమాట.

"పొలం పనిచేసేవాడికి గుండెజబ్బేంటండీ" అంటారేమో. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెలు తీసుకుని, పోయినవాళ్లు దేనివల్ల పోయారో ఇళ్లకెళ్లి ఆరా తీశారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే.

అన్నట్టు, చవితికి పాలవెల్లికి కట్టే పంపరపనస సంగతి మరిచేపోయాను. గ్రేప్‌ఫ్రూట్ దాని సంతానమే. ఆ గ్రేప్‌ఫ్రూట్ రసం గ్లాసులకొద్దీ తాగితే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్‌లాంటివి రక్తంలో పేరుకుని కండరాల మీద పడతాయి. ఆ జాతి పదార్థాలు పంపరపనసలోనూ ఉన్నాయి. పాలవెల్లికి నిక్షేపంగా కట్టుకోండి. రోజూ ఓ కాయ ఒలిచే అలవాటుంటే మాత్రం డాక్టరుగారి చెవిన ఓ మాట వేసి ఉంచండి.