అమ్మ మజిలీలు

మా అమ్మకి కబుర్ల పిచ్చి పట్టుకుందని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. తెనాలిలో మా ఇంటినుంచి గుడికి పది నిమిషాల నడక. దారిలో పూలమ్మాయి పక్కన పీటమీద కూర్చుని ఓ కబురు, టైలరు కొట్టు అరుగుమీద మరో కబురు, గుడిమెట్ల దగ్గర ఇంకోటి. "పెద్దయ్యేకొద్దీ అమ్మకి జనం కావాలి" అని తమ్ముడు తీర్పు చెప్పేశాడు. నేనూ తలూపాను. ఆడవాళ్ళ మనసులు చదివి నవలలు రాస్తానని పేరున్నదాన్ని మరి!

అసలు సంగతి సూపర్ మార్కెట్‌లో బయటపడింది. సామాన్ల బండిమీదికి వాలి, దాన్ని తోసుకుంటూ అమ్మ నాకంటే చురుగ్గా తిరిగింది. "బజారంటే ఎక్కడలేని ఓపికా వస్తుందే నీకు!" అని వేళాకోళమాడాను. అమ్మ నవ్వలేదు. బండి వదిలి ఆటోదాకా వచ్చేలోగా గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"కాళ్ళు తిమ్మిరెక్కి బరువైపోతాయే. కాసేపు కూర్చుంటే మళ్ళీ మామూలే. రెండేళ్ళనుంచీ ఇంతే" అంది.

రెండేళ్ళు! ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే ఏమంటారు? వయసంటారు."

నిజమే. అనేవాళ్ళమే.

ఎమ్మారై చూసి డాక్టరుగారు విడమరిచి చెప్పారు. వెన్నెముకలో నరాలు దిగే కాలువ ఒకటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పూసలమధ్య బిళ్ళలు ఉబ్బి, కీళ్ళు లావెక్కి, ఆ దారి ఇరుకవుతుంది. నిటారుగా నిలబడితే ఇరుకు మరీ ఎక్కువ. ముందుకి వంగినా, కూర్చున్నా కాస్త వదులు. సూపర్ మార్కెట్ బండి రహస్యం, దారిపొడుగునా కబుర్ల రహస్యం రెండూ ఒక్కసారే తేలిపోయాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

మందులూ వ్యాయామాలూ ఆరు నెలలు నడిచాయి. ఇంజెక్షన్ గుణం కొన్ని వారాలే. ఇక ఆపరేషన్ ప్రసక్తి వచ్చింది. మొదట చూసిన సర్జన్ రెండు నిమిషాల్లో "రాడ్లూ స్క్రూలూ వేసి పూసలు బిగించేద్దాం" అన్నారు. ఇంటికి గొళ్ళెం వేయించుకోవాలన్నా ఇద్దర్ని అడుగుతాం కదా! ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన అమ్మని నిలబెట్టి, వంచి ఎక్స్‌రేలు తీయించారు. పూసలేవీ జారలేదు. "నరాల వెనక ఉన్న ఎముక కప్పు తీసేసి దారి వెడల్పు చేయడం ల్యామినెక్టమీ. కప్పంతా తీయకుండా చిన్న కిటికీ కొట్టడం ల్యామినాటమీ. పూస జారినవాళ్ళ సంగతిలో బిగింపు గురించి మాలోమాకే రెండు మాటలున్నాయి. అమ్మగారికి ఆ అవసరమే కనబడటంలేదు" అన్నారు. 2016లో స్వీడన్ డాక్టర్లు 247 మందిని పరిశీలించి, వట్టి వెడల్పు చేసినవాళ్ళకంటే బిగింపు కూడా చేయించుకున్నవాళ్ళు రెండేళ్ళ తర్వాత మెరుగ్గా ఏమీ లేరని చెప్పారట. పైగా రక్తం పోవడం, ఖర్చు ఎక్కువట.

"నొప్పంతా పోతుందా?" అన్నాను.

"కాళ్ళ బాధ తగ్గే అవకాశం బాగా ఉంది. నడుంనొప్పికి మాత్రం మాటివ్వలేను" అన్నారు. చీము పట్టడం, నరాల పొర చిరగడంలాంటి ప్రమాదాలూ దాచలేదు. మూత్రంమీద అదుపు తప్పినా, కూర్చునేచోట స్పర్శ పోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రమ్మని మరీమరీ చెప్పారు.

తమ్ముడు భయపడ్డాడు. "అరవై ఎనిమిదేళ్ళకి కత్తి ఎందుకమ్మా? ఇంటిపట్టున కూర్చోరాదూ?"

అమ్మ నెమ్మదిగా అంది. "మీరంతా నేను ఎన్నాళ్ళుంటానా అని చూస్తున్నార్రా. నేను ఎంతదూరం నడుస్తానా అని చూస్తున్నాను."

ఆ మాటకి మేమెవరం బదులు చెప్పలేకపోయాం. కిటికీ ఆపరేషనే చేయించాం.

నాలుగు నెలలైంది. నడుంనొప్పి అప్పుడప్పుడూ పలకరిస్తూనే ఉంది. కానీ మొన్న శనివారం అమ్మ గుడిదాకా ఒక్కచోటా ఆగకుండా నడిచింది. వెనకాల నేను ఆయాసపడుతూ! తిరిగి వస్తూంటే పూలమ్మాయి దగ్గర చప్పున కూలబడింది. నా గుండె ఝల్లుమంది.

"మళ్ళీ తిమ్మిరెక్కిందా అమ్మా?"

"తిమ్మిరీ లేదు, గిమ్మిరీ లేదు. దీని కూతురికి నెలలు నిండాయి. కనుక్కోకుండా వెళ్ళిపోనా?" అంటూ పీట లాక్కుంది.

నేనూ పక్కనే అరుగుమీద కూర్చున్నాను.