కాటిసీను అయ్యేదాకా

బెజవాడనుంచి తెనాలి ఎంతో దూరం కాదు. రైల్లో ముప్ఫై కిలోమీటర్లు. దుగ్గిరాల దాటామంటే దిగడానికి సంచులు సర్దుకోవలసిందే. ఊరి నడుమ మూడు కాలవలు, వాటిమీద వంతెనలు, ఆ వంతెనలమీద ఎప్పుడు చూసినా జనం. ఈ ఊరికి "ఆంధ్రా పారిస్" అని పేరు పెట్టినవాడెవడోగాని, రాత్రిళ్లు ఇక్కడ నాటకాలు చూసినవాడే అయివుంటాడని నా నమ్మకం.

మా దొడ్డమ్మ ఈ ఊళ్లోనే ఉంటుంది. ఎనభై రెండేళ్లు. మోకాళ్లు మాట వినవు, చెవులు మనమాట వినవు. పోయిన మాఘమాసంలో ఒక ఆదివారం నేనూ, మా ఆవిడా, మావాడూ ఆవిణ్ణి చూసిపోదామని వెళ్లాం. భోజనాలయ్యాక దొడ్డమ్మ వక్క నోట్లో వేసుకుని మెల్లిగా బయటపెట్టింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇవాళ సాయంత్రం హాల్లో 'హరిశ్చంద్ర' ఆడుతున్నారట. నన్ను తీసుకెళ్లే దిక్కు లేదు."

ఇంకేమంటాం? రాత్రి రైలుకి తిరుగు టిక్కెట్లు జేబులో ఉన్నాయి. తెల్లవారితే సోమవారం, నాకు ఆఫీసు, మావాడికి బడిలో పరీక్ష. మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి, "తొమ్మిదిన్నరకల్లా లేచిపోవాలి సుమండీ!" అని మాట తీసుకుంది.

అది చిన్న హాలు. పట్టుమని రెండువందల కుర్చీలు. వాటిలో కొన్నిటికి చేతులు లేవు. ఫంకాలు తిరుగుతున్నాయిగాని గాలికంటె చప్పుడే ఎక్కువ. ఆరున్నర నాటకం కదా అని ఆరింటికే వెళ్లి కూర్చున్నాం. జ్యోతి వెలిగించడం, ఉపన్యాసాలు, శాలువాలు అన్నీ ముగిసి తెర లేచేసరికి ఏడున్నర. జనాన్ని లెక్కపెట్టాను: అరవై నలుగురు. అందులో ఇద్దరు వేరుశెనక్కాయలు అమ్మేవాళ్లు.

దొడ్డమ్మ ముందువరసలోనే కూర్చుంటానంది. "వినబడదు కదా దొడ్డమ్మా, ఎక్కడ కూర్చుంటే ఏం?" అన్నాను.

"పెదిమలు కనబడితే చాల్లేరా. పద్యాలు నాకొచ్చు," అంది.

వచ్చంటే రావూ మరి! ఆవిడ పెరిగింది ఎటువంటి ఊళ్లో? రామవిలాస సభవారి నాటకాలు ఆడిన ఊరిది. సత్యభామగా స్థానం నరసింహారావుగారు నడిచిన నడకను ఇంటాడవాళ్లు సైతం నేర్చుకోవాలని చూసేవారట. మగవాడై పుట్టి ఆడవేషాలకే అంత పేరు తెచ్చుకున్న ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఈలపాట రఘురామయ్యగారు కృష్ణుడి వేషంలో వేలు నోట్లో పెట్టుకుని పద్యాన్ని ఈలతో పలికిస్తే, దొడ్డమ్మ చిన్నతనంలో చాపమీద కూర్చుని విన్నదట. ఆ రోజుల్లో నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. పల్లెలవాళ్లు బళ్లు కట్టుకుని, దుప్పట్లూ చద్దిమూటలూ తెచ్చుకుని వచ్చేవారు. పద్యం నచ్చితే "వన్స్‌మోర్!" అని కేక, రాగం చాలకపోతే మళ్లీ కేక. తెల్లవారుజామున మంగళం పాడితేగాని ఎడ్లను కట్టేవారు కాదు. రైలందుకోవాలన్న బెంగ ఒక్కరికీ లేదు!

ఇక్కడ నాటకం సాగుతోంది. మా వెనకాల కూర్చున్న ముసలాయన ప్రతి పద్యాన్నీ నటుడికంటె అరక్షణం ముందే గొణుగుతున్నాడు. మొదట విసుగనిపించినా, కాసేపటికి ఆయన గొణిగితేనేగాని పద్యం రాదేమో అనిపించసాగింది. మావాడు నక్షత్రకుణ్ణి చూసి పడీపడీ నవ్వాడు. వారణాసి నడివీధిలో చంద్రమతిని అమ్మకానికి నిలబెట్టగానే ఆ నవ్వు ఆగిపోయింది. తెర పడగానే మైకులో చదివింపులు: ఫలానావారు చంద్రమతి పాత్రధారికి నూటపదహార్లు! దొడ్డమ్మ కొంగుముడి విప్పి, నోట్లు లెక్కపెట్టి, మావాడిచేత తానూ నూటపదహార్లు పంపించింది. ఆ ముడి ఆవిడ నెలంతా మందులకని దాచుకున్నదని నాకు తెలుసు.

పద్యనాటకాల్లో ఒకే పాత్రను సీనుకొకరు వేయడం కద్దు. తెర మళ్లీ లేచేసరికి బక్కపలచటి హరిశ్చంద్రుడు పోయి స్థూలకాయుడొకాయన కాటికాపరిగా ప్రత్యక్షమయ్యాడు.

"రాజ్యం పోయాక లావెక్కాడేమిటి నాన్నా?" అన్నాడు మావాడు గట్టిగా.

వాడి పెదిమలు చూసిందో ఏమో, దొడ్డమ్మ కసిరింది: "ఊరుకోరా! కష్టాల్లో మనిషి మారడూ?"

అప్పుడే గడియారం చూసుకున్నాను. తొమ్మిదీ ముప్ఫై అయిదు. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. వెనక వరసల్లో ఒక్కొక్కరే లేస్తున్నారు. కుర్చీల కిర్రు హాలంతా వినబడుతోంది. నేను దొడ్డమ్మ చెవి దగ్గరకి వంగి, "రైలు టైమయింది, వెళదామా?" అన్నాను.

ఆవిడ నావైపు ఎంత ఆశ్చర్యంగా చూసిందో చెప్పలేను. "హరిశ్చంద్రుణ్ణి శ్మశానంలో వదిలేసి పోతామట్రా?"

మరి మాట్లాడలేదు. నేను కూర్చున్నాను. మా ఆవిడ కూడా సంచీ ఒళ్లోంచి కిందపెట్టింది. రైలు దారిన రైలు పోయింది.

కాటిసీను మొదలైంది. హార్మోనియం తప్ప వేరే చప్పుడు లేదు. ఇక్కడొక సంగతి మనవి చేయాలి. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి 'హరిశ్చంద్ర'లో నటులు ఈ సీనులో పాడే శ్మశానం పద్యాలు చాలామటుకు నాటకంలోవి కావు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాగారివి. నటులు తెచ్చి పాడారు, జనం వదలనివ్వలేదు. అంటరానివాడని అడుగడుగునా అవమానపడ్డ కవి పద్యాలు, రాజూ పేదా ఒక్కటయ్యే చోట నిలబడి హరిశ్చంద్రుడు పాడుతూంటే, పుస్తకం ముట్టని పల్లెటూళ్లు సైతం కంఠతా పట్టాయి. దొడ్డమ్మకు అవి ఎవరివో ఈనాటికీ తెలియదు. పద్యాలు మాత్రం తెలుసు.

ఆ స్థూలకాయుడు గొంతెత్తాడు. మూడు పద్యాలయ్యేసరికి ఆయన లావు ఎవరికీ కనబడలేదు. చంద్రమతి బిడ్డ శవాన్ని మోసుకొచ్చి కాటిసుంకం ఇచ్చుకోలేక నిలబడ్డప్పుడు మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు. పరీక్ష సంగతి వాడికీ గుర్తులేదు. వేరుశెనక్కాయలవాళ్లు గంపలు దించి గుమ్మం దగ్గర నిలబడిపోయారు. పరమశివుడు ప్రత్యక్షమై, లోహితాస్యుడు లేచి కూర్చున్నాకగాని ఎవరమూ సరిగా ఊపిరి తీసుకోలేదు. మంగళం పాడేటప్పుడు మళ్లీ లెక్కపెట్టాను: నలభై ఒక్కరం.

తెల్లవారి మొదటి బండికి స్టేషనుకి వెళితే, ప్లాట్‌ఫారంమీద ట్రంకుపెట్టె పక్కన కూర్చుని ఇడ్లీ తింటున్నాడు హరిశ్చంద్రుడు. చెవుల దగ్గర రంగు పూర్తిగా పోలేదు. మమ్మల్ని గుర్తుపట్టి ఆయనే పలకరించాడు.

"ముందువరసలో పెద్దమ్మగారు మీవారేనాండీ? జనం లేస్తున్నారు, నాలుగు పద్యాలు కోసేద్దామని హార్మోనిస్టుకి సైగ కూడా చేశాను. ఇటు చూద్దును గదా, ఆవిడ పెదిమలు కదులుతున్నాయి. నాకంటె ముందే పద్యం ఎత్తుకుని కూర్చుంది. ఇంక ఎలా కోస్తానండీ?"

బండి కదలగానే దొడ్డమ్మకు ఫోను చేసి, ఆవిడకు వినబడేటట్టు మూడుసార్లు అరిచి ఈమాట చెప్పాను. పెట్టెలో ఉన్నవాళ్లంతా నావైపే చూస్తున్నారు. అవతల కాసేపు మాట లేదు. సంతోషంతో కంటతడి పెట్టుకుందేమో అనుకున్నాను.

"అదిసరే," అంది దొడ్డమ్మ, "మూడో పద్యంలో ఒక పాదం మింగేశాడు. ఆ సంగతి అడిగావా?"