ఎగిరివచ్చిన కొండ

పైన స్వర్గమున్నది, కింద సూచౌ, హాంగ్‌చౌ ఉన్నవి అని చైనావాళ్ళకొక సామెత. స్వర్గం చూసివచ్చి చెప్పినవారెవరూ లేరు గాని, హాంగ్‌చౌ మాత్రం షాంఘైకి రైల్లో గంట ప్రయాణం. మన విజయవాడ నుంచి రాజమండ్రి ఎంతో దాదాపు అంత దూరం. 2010లో ఆ రెండు ఊళ్ళ మధ్య కొత్త మార్గం వేశారు. దానిమీద బండి గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మా ఆవిడ పులిహోర పొట్లం విప్పి, తినడం ముగించి, చేతులు కడుక్కుని వచ్చేసరికి ఊరు వచ్చేసింది.

మేము షాంఘైలో కాపురం పెట్టి రెండేళ్ళయింది. నాది ఓడల సరుకు లెక్కలు చూసే ఉద్యోగం. ఆమె తెనాలిలో కాలేజీ ఉద్యోగం మానుకుని నాతో వచ్చింది. మరి మూడేళ్ళు ఉంటారా అని ఆఫీసువారు అడిగారు. సెలవులు కాగానే జవాబు చెప్పాలి. ఉందామంటే తెనాలిలో మా అత్తగారు ఒంటరి. వెళదామంటే చేతిలో ఉన్న ఉద్యోగం. నెలరోజులుగా ఆ మాట మా ఇద్దరి మధ్యా కూర్చుని ఉన్నది. "ఏమండీ, ఇక్కడే కూర్చుంటే తేలేదేమీ లేదు, ఎక్కడికైనా పోదాం పదండి" అన్నది మా ఆవిడే.

అది 2024 ఏప్రిల్ మొదటివారం. చైనాలో అప్పుడు ఛింగ్‌మింగ్ పండుగ. పెద్దల సమాధులు శుభ్రంచేసి, పూలూ పళ్ళూ పెట్టి దణ్ణం పెట్టుకునే రోజు. మూడురోజులు సెలవు. పండుగకని వీధి వీధినా ఆకుపచ్చటి ఉండలు ఆవిరి మీద ఉడికించి అమ్ముతారు. జిగురు బియ్యప్పిండిలో ఆకుపసరు కలిపి, లోపల ఎర్రచిక్కుళ్ళ తీపి ముద్ద పెడతారు. మాంసం పెట్టినవి కూడా ఉంటాయి, అడిగి కొనుక్కోవాలి. మా ఆవిడ ఒకటి కొరికి చూసి, "పూర్ణం కుడుమే! రంగు ఒక్కటే తేడా" అని తీర్పు చెప్పింది.

హాంగ్‌చౌకు ప్రాణం షీహూ, అంటే పశ్చిమ సరస్సు. మూడువైపులా కొండలు, నాలుగోవైపు ఊరు. 2011లో యునెస్కోవారు దీన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చారు. 1138 నుంచి 1276 దాకా దక్షిణ సుంగ్ రాజులకు ఈ ఊరే రాజధాని. ఆ తర్వాత వచ్చిన మార్కోపోలో, ప్రపంచంలో ఇంత అందమైన నగరం లేదని పొగిడాడు.

తెల్లవారుజామునే సరస్సు దగ్గరికి వెళ్ళాము. పండుగ జనం ఇంకా రాలేదు. నీళ్ళమీద మంచు తెరలు తెరలుగా లేస్తున్నది. సరస్సును దక్షిణం నుంచి ఉత్తరానికి కోస్తూ ఒక పొడుగాటి గట్టు ఉన్నది. దాని పొడవు రెండున్నర కిలోమీటర్లకు పైమాటే. మధ్యలో ఆరు రాతి వంతెనలు. రెండువైపులా నీళ్ళలోకి వంగిన విల్లో చెట్లు, వాటి మధ్య గులాబిరంగు పూత పూసిన పీచ్ చెట్లు.

ఈ గట్టు కట్టించినవాడు కవి సు తుంగ్‌పో. ఆయన ఈ ఊరివాడు కాడు. ఎక్కడో పడమటనున్న సిచువాన్ నుంచి వచ్చినవాడు. 1089లో ఇక్కడికి అధికారిగా వేశారు. వచ్చి చూస్తే సరస్సు సగం పూడిపోయి, నాచు పట్టి ఉన్నది. పొలాలకు నీళ్ళు లేవు, ఊరికి తాగడానికి లేవు. కూలిజనాన్ని పెట్టి పూడిక తీయించాడు. తీసిన బురద ఎక్కడ పోయాలన్నది ప్రశ్న. దానితోనే ఈ గట్టు వేయించాడు. పని ముగిసిన కొద్దికాలానికే ఆయనకు మళ్ళీ బదిలీ! ఆ తర్వాత ప్రవాస శిక్షలు అనుభవించి, 1101లో సొంత ఊరికి దూరంగానే కన్నుమూశాడు. గట్టు మాత్రం తొమ్మిదివందల ఏళ్ళుగా ఆయన పేరుతోనే ఉన్నది.

"బదిలీ మీద వచ్చిన ఉద్యోగి చేసిన పనేనా ఇది!" అని మా ఆవిడ వంతెన మీద ఆగిపోయింది. నేనూ ఉద్యోగం మీద వచ్చినవాణ్ణే గనుక, ఏమీ అనకుండా నడక సాగించాను.

సరస్సు దక్షిణాన లేయ్‌ఫెంగ్ గోపురం. మానవస్త్రీ రూపం ధరించి ఒక యువకుణ్ణి పెళ్ళాడిన తెల్లపామును ఒక సన్యాసి దీనికింద బంధించాడని కథ. నాగకన్యల కథలు విన్న మనకిదేమీ కొత్తగా తోచదు. పాత గోపురం 1924లో కూలిపోయింది. 2002లో కొత్తది కట్టి, ఎక్కడానికి కదిలే మెట్లు కూడా పెట్టారు. పాము తప్పించుకుపోయి ఉంటుందని మా ఆవిడ సంతోషించింది.

మరునాడు లింగ్‌యిన్ ఆలయానికి వెళ్ళాము. అసలు చెప్పదలచింది ఈ చోటు గురించే. 4వ శతాబ్దంలో హుయీలీ అనే భిక్షువు మన దేశం నుంచి ఇక్కడికి వచ్చాడట. చైనావాళ్ళు పిలిచిన పేరే గాని ఆయన అసలు పేరేమిటో మిగలలేదు. ఇక్కడి గుట్టను చూసి ఆయన నిలుచుండిపోయాడు. ఇది మా రాజగృహంలోని గృధ్రకూటం తాలూకు శిఖరమే, ఎప్పుడు ఎగిరివచ్చిందో అన్నాడు. ఎవరూ నమ్మలేదు. కొండతో పాటు దానిమీది కోతి కూడా వచ్చి ఉంటుందని గుహ దగ్గర నిలిచి పిలిచాడు. తెల్లకోతి బయటికి వచ్చింది! ఆ నాటినుంచి దీనిపేరు ఫేయ్‌లాయ్ ఫెంగ్, అంటే ఎగిరివచ్చిన కొండ. కథ అలా ఉంచితే, ఈ గుట్ట సున్నపురాయి, చుట్టూ ఉన్న కొండలు ఇసుకరాయి. వేరేచోటిది అనిపించడానికి ఆ తేడా ఒక్కటి చాలు.

మరో కథ ఇంకా తమాషాగా ఉంటుంది. జీగుంగ్ అనే వెర్రిసన్యాసికి కొండ ఎగిరివచ్చి పల్లెమీద పడబోతున్నదని ముందే తెలిసింది. చెబితే జనం నవ్వారు. అప్పుడు ఆయన ఒక పెళ్ళింట్లో దూరి, పెళ్ళికూతుర్ని భుజాన వేసుకుని పరుగు తీశాడు. పల్లె పల్లెంతా కర్రలు పట్టుకుని వెంటపడింది. ఊరు ఖాళీ అయిన మరుక్షణం కొండ వచ్చి పడింది! వచ్చినది మళ్ళీ ఎగిరిపోకుండా జనం దానిమీద ఐదువందలమంది అర్హతుల విగ్రహాలు చెక్కారట.

విగ్రహాలు మాత్రం కథ కాదు. 10 నుంచి 14వ శతాబ్దం దాకా చెక్కినవి మూడువందలకు పైగా మిగిలాయి. పొట్ట ముందుకు వేసుకుని విరగబడి నవ్వే మైత్రేయుడి ముందర నిలుచుంటే మనకూ నవ్వు ఆగదు.

కొండ దాపున ఏడంతస్తుల చిన్న రాతిగోపురం ఉన్నది. హుయీలీ అస్థికలు దానిలో ఉన్నాయంటారు. ఇప్పుడున్నది మింగ్ రాజుల కాలంలో తిరిగి కట్టినది. మా ఆవిడ దానిచుట్టూ మూడుసార్లు ప్రదక్షిణం చేసింది. "ఆయన తిరిగి వెళ్ళలేదన్నమాట" అన్నది. కాసేపటికి మళ్ళీ తనే, "కొండ ఎగిరిపోకుండా బొమ్మలు చెక్కారు సరే, ఇక్కడ మనల్ని నిలబెట్టేది ఏం చెక్కుకున్నామండీ? రెండేళ్ళయింది, పక్కింటావిడ పేరు తెలియదు నాకు" అన్నది. అందులో నిష్ఠూరం లేదు. లెక్క చూసుకుంటున్నట్టు అన్నది.

ఆలయం దగ్గర శాకాహారపు పూటకూళ్ళున్నాయి. బౌద్ధసన్యాసుల వంటలో ఉల్లి, వెల్లుల్లి కూడా పనికిరావు. మన మడివంట అనుకోండి. పుట్టగొడుగుల నూడుల్సు తింటూ మేము జవాబు తేల్చుకున్నాము. మూడేళ్ళు కాదు, ఒక్క ఏడాది. ఆ ఏడాదీ ఆమె చైనాభాష నేర్చుకోవాలి, సంక్రాంతికి వెళ్ళి రెండునెలలు తల్లి దగ్గర ఉండాలి. షరతులు ఆమెవి, సంతకం నాది.

సాయంత్రం లుంగ్‌జింగ్ గ్రామానికి పోయాము. కొండవాలంతా తేయాకు. ఛింగ్‌మింగుకు ముందు కోసిన చిగురుకే ఎక్కువ ధర. వేడి ఇనుప మూకుడులో ఆకు పోసి, వట్టి చేత్తో అణిచి అణిచి వేయిస్తారు. అందుకే ఆకు బల్లపరుపుగా ఉంటుంది. పాలూ చక్కెరా లేకుండా గాజుగ్లాసులో వేడినీళ్ళు పోస్తే చిగుళ్ళు నిలువునా లేచి నిలబడతాయి.

మా అత్తగారికని చిన్న డబ్బా కొని, ఊరు వెళ్ళే వారిచేత పంపాము. వారం తిరక్కుండా ఫోను వచ్చింది. "టీపొడి అందిందమ్మా. అరగంట మరిగించి పాలు పోశాను. ఎంతకీ రంగు దిగదేమే?"