అమ్మ అడిగిన ప్రశ్న

తమ్ముడి మోకాలి వెనక గడ్డ కనబడినప్పుడు మేమెవరం భయపడలేదు. నిమ్మకాయంత ఉంది, నొప్పి లేదు. వాలీబాల్ ఆడుతూ పడ్డాడు కదా, అదే అయ్యుంటుందిలే అనుకున్నాం. సీతంపేటలోనే ఆకుపసరు కట్టు కట్టించాం. అనాస పంట వచ్చింది, సంతలో అమ్మేశాం, మళ్ళీ పంట వచ్చింది. గడ్డ అక్కడే ఉంది, కాస్త పెరిగి. నొప్పి మొదలయ్యాక పాలకొండ వెళ్ళాం, అక్కణ్ణుంచి విశాఖ.

బయాప్సీ రిపోర్టులో ‘సైనోవియల్ సార్కోమా’ అని ఉంది. కీళ్ళలోని పొర పేరు పెట్టారు గానీ ఇది ఆ పొరలోంచి పుట్టేది కాదట. మెత్తటి కణజాలంలో వచ్చే మొండి కేన్సర్. ఊపిరితిత్తులకు పాకే గుణం ఉంది. ఎక్కువగా కుర్రవయసు వాళ్ళకే వస్తుంది. దాని కింద ఇంకో లైను: ‘ఎస్‌ఎస్18 జన్యువులో మార్పు: పాజిటివ్’.

మా ఇంట్లో అందరి చెవినా పడింది ‘జన్యువు’ అన్న ఆ ఒక్క మాటే. “వంశంలో ఉందేటి?” అంది పిన్ని. నాకు చూస్తున్న సంబంధం వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: “నా రక్తంలోంచే వొచ్చిందేటమ్మా?”

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న నాకూ జవాబు తెలీదు. ఆ రాత్రంతా కూచుని చదివాను.

మన కణాల్లో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. ఎప్పుడో, ఏదో ఒక కణంలో, 18వ క్రోమోజోమూ ఎక్స్ క్రోమోజోమూ విరిగి, ముక్కలు తారుమారై అతుక్కుంటాయి. 18 మీది ఎస్‌ఎస్18 జన్యువు, ఎక్స్ మీది ఎస్‌ఎస్‌ఎక్స్ జన్యువుతో కలిసిపోతుంది. ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో చూసే యంత్రాంగం ఒకటి కణంలో ఉంటుంది. ఈ అతుకు తయారుచేసే ప్రొటీను అందులోకి దూరి, ఊరుకోవాల్సినవాటిని లేపుతుంది. ఈ రకం గడ్డల్లో 90 శాతానికి పైగా కనిపించేది ఇదే అతుకు. 1994లో ఆ జన్యువులని గుర్తించారు. అవి ఎందుకు విరుగుతాయో మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదు. కానీ ఆ మార్పు గడ్డ కణాల్లోనే ఉంటుంది. తల్లి నుంచి రాదు, పిల్లలకి పోదు.

తమ్ముడికి ఆపరేషన్ అయింది. కాలు మిగిలింది. రేడియేషన్ కూడా ఇచ్చారు. ఇప్పుడు మూడు నెలలకోసారి ఛాతీ స్కాన్. ఆ రిపోర్టు చేతికొచ్చేదాకా ఇంట్లో ఎవరం సరిగ్గా తినం.

అమ్మకి చదివినదంతా చెప్పలేదు. “వాడు పుట్టినప్పుడు లేదమ్మా. తర్వాత ఆ కాల్లోనే పుట్టింది. నీ రక్తంలో ఏ తప్పూ లేదు” అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ ముక్క వాళ్ళకి కూడా చెప్పు” అంది.

“సంబంధం వాళ్ళకా?”

“కాదు. మీ నాన్నకి.”